ప్రతిధ్వని పెట్టెలో రొద: దాని జాడ తీయు విధము

గత సంవత్సరము చిక్కబళ్ళాపురమున జరిగిన మా పాఠశాలల వార్షికోత్సవమునకు విచ్చేసిన తలిదండ్రులు, ఆనాటి సంగీత కార్యక్రమము నడుమ వేదికపై చెలరేగిన రొదను మరచియుండరు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి విద్యార్థులు తమ చేతులతో కట్టిన ప్రతిధ్వని పెట్టెలు మూడు ఆ ఉత్సవమునకై సిద్ధపరుపబడినవి. ఒకటి ముందురోజు అభ్యాసమునందే తేనెతుట్టె కదిలినట్లు గుయ్యుమనెను. రెండవది సన్నని ఈల వేసెను. మూడవది అన్నిటికంటె బిగ్గరగా, పాట నడుమ, కొయ్యకోత మిల్లువలె గరగరలాడెను. పాట ఆగిపోయెను. పిల్లలు తలలు వంచుకొని వేదిక దిగిరి.

పిమ్మట కొందరు తలిదండ్రులు మాకు ఉత్తరములు వ్రాసిరి. పిల్లలచేత ఇట్టి పెట్టెలు కట్టించి డబ్బును కాలమును వ్యర్థపరచుటకంటె, అంగడిలో తయారైన దానిని కొని తెచ్చుట మేలు గదాయని వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నయే. ఆ మూడు రొదలకు కారణములను వెదకుచు మేము గడపిన కాలమును గూర్చి, అందు మేము చేసిన తప్పును గూర్చి కూడ, ఇచట వ్రాయుచున్నాము.

ప్రతిధ్వని మనకు క్రొత్త కాదు. నందికొండ చెంతనో, చింతామణి దాపున నున్న అంబాజీదుర్గము బండల యెదుటనో నిలిచి కేక వేసిన పిల్లవానికి కొండ మారుపలుకుట తెలియును. కైవారమునందును, మన పల్లెల భజనమందిరములందును తత్త్వములు పాడునపుడు మైకుసెట్టువాడు ‘ఎకో’ అను మీటను కొంచెము త్రిప్పగానే గొంతు నిండుగా వినవచ్చుట పెద్దలందరు ఎరిగినదే. కొండ చేయు పనిని చిన్న పెట్టెచేత చేయించుటయే మా పిల్లల ప్రయత్నము. గిటారునుండి వచ్చు ధ్వనిని ఆ పెట్టె రెండు పాయలుగా చీల్చును. ఒక పాయ నేరుగా పోవును. రెండవ పాయను కొంతసేపు తనయందు నిలిపి వెనుకగా పంపును. ఆ వెనుకబడిన దానిలో కొంత భాగము మరల లోనికి పోయి మరల వచ్చును. అందుచేత ఒక్క మీటునకు నాలుగైదు మారుమ్రోతలు క్రమముగా సన్నగిల్లుచు వినవచ్చును. కాలితో నొక్కు మీట యుండుటచేత గిటారు వాయించువారు దీనిని పెడలు అందురు.

ధ్వనిని పెట్టెలో నిలుపుట యెట్లు? పూర్వము అయస్కాంతపు టేపుపై ఒకచోట వ్రాసి, టేపు కొంత దూరము నడచిన పిదప మరొకచోట చదివెడివారు. 1969లో హాలెండు దేశమునందలి ఫిలిప్స్ పరిశోధనాలయమున సాంగ్‌స్టర్, టీర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు తిరుగు యంత్రము లేకయే ఆ పని జరుపు మార్గమును కనుగొనిరి. దానిని మన ప్రాంతపు ఉదాహరణముతో చెప్పుదుము.

వేసవిలో చెరువు పూడిక తీయుట చూచియుందురు. చెరువు అడుగునుండి గట్టువరకు మనుష్యులు వరుసగా నిలుతురు. మట్టి తట్ట చేతినుండి చేతికి మారుచు గట్టు చేరును. తట్ట ఎంత నిండియుండునో అంత ధ్వని యనుకొనుడు. ఆ ఐ.సి.లోపల మనుష్యులకు బదులు చిన్న చిన్న కండెన్సరులు వరుసగా నుండును. మట్టికి బదులు విద్యుదావేశము. మేస్త్రీ ఈల వేసినప్పుడెల్ల ప్రతివాడు తన తట్టను ముందువానికి అందించును. ఐతే ఒకడు అందించునపుడు ముందువాని చేతులు ఖాళీగా నుండవలెను. కావున ఏ క్షణమునందైనను వరుసలో సగము మందియే తట్టలు పట్టియుందురు.

మా పిల్లలు వాడిన ఎం.ఎన్. 3205 అను ఐ.సి.లో ఇట్టి అంకెలు, అనగా మెట్లు, 4096 కలవు. సగము 2048. మేస్త్రీ సెకనుకు 10,000 మార్లు ఈల వేసినచో మొదటి తట్ట గట్టు చేరుటకు 2048ని 10,000తో భాగించినంత కాలము, అనగా 0.2048 సెకను పట్టును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, ఆ కాలములో అది 70 మీటర్లు నడచును. అనగా 35 మీటర్ల దూరమున నున్న బండకు తగిలి తిరిగి వచ్చు ప్రతిధ్వనితో సమానము. పదవ తరగతి గణితమునకు ఇంతకంటె మంచి లెక్క మాకు కనబడలేదు.

చెరువు ఉదాహరణమునందే మన రొదల జాడ కూడ కలదు. తట్ట చేతులు మారునపుడు కొంత మట్టి జారుట సహజము. అది ‘బుస్’ మను ధ్వని. గట్టుపై నున్నవానికి మట్టితోపాటు మేస్త్రీ ఈల కూడ వినబడుచున్నచో అది కీచుమను సన్నని ధ్వని. ప్రక్క బాటన పోవు లారీల మోత చెరువు పనికి సంబంధించినదే కాదు, ఐనను చెవిని పడును. అది కరెంటునుండి వచ్చు గుయ్యి. మూడును రొదలే. మూడింటి పుట్టిల్లు మాత్రము వేరు. ఒకదానికి చేయవలసిన చికిత్సను మరొకదానికి చేసిన లాభము లేదు, నష్టము కలుగవచ్చును.

చింతామణి బాలిక పెట్టె విషయము సులభముగా తేలినది. ఆ పెట్టె ఈల వేయుచుండెను. ఆలస్యమును హెచ్చించు మీటను మెల్లగా త్రిప్పుమని చెప్పితిమి. ఆలస్యము పెరిగిన కొలది ఈల శ్రుతి దిగుచు, తగ్గిన కొలది శ్రుతి ఎక్కుచు వినబడెను. ఈ ఒక్క పరీక్షతోనే నేరస్థుడు పట్టుబడినాడు. మీటతోపాటు శ్రుతి మారు ధ్వని మేస్త్రీ ఈలయే గాని మరొకటి కాదు. ఆలస్యమును సెకనులో మూడు పదవ వంతులకు పెంచవలెనన్నచో ఈలలను సెకనుకు సుమారు 6,800కు తగ్గించవలెను. మనుష్యుని చెవి పదునైదు, ఇరువది వేలవరకు వినగలదు గనుక ఆ ఈల చెవికి బాగుగ చిక్కును.

దీనిని అడ్డుటకు ఐ.సి. తరువాత వడపోతలుండును. గిటారు స్వరములను పోనిచ్చి, అంతకు పైబడిన కీచుధ్వనులను ఆపుట వాని పని. బాలిక పెట్టెను విప్పి, వడపోతలోని కండెన్సరులపై నున్న అంకెలను ఒక్కొక్కటిగా చదివించితిమి. పటములో 103 అని యున్నచోట 102 అను కండెన్సరు కూర్చుండియుండెను. ఈ సంఖ్యలను చదువు పద్ధతి తలిదండ్రులును తెలిసికొనదగినది. మొదటి రెండంకెలు విలువ, మూడవ అంకె దాని ప్రక్కన వేయవలసిన సున్నల సంఖ్య, కొలత పికోఫారడులు. కావున 103 అనగా 10,000, 102 అనగా 1,000. చూపునకు ఒక్క అంకె తేడా, పనిలో పది రెట్ల తేడా. వడపోత రంధ్రములు వెడల్పై ఈల జారిపోయినది. దానిని మార్చి, ఐ.సి. రెండు తుది కాళ్ళను కలుపు ప్రీసెట్టును సన్నని స్క్రూడ్రైవరుతో మెల్లగా త్రిప్పగా, ఒకచోట ఈల దాదాపు పూర్తిగా అణగిపోయినది. ఆ రెండు కాళ్ళనుండి ఈల ఎదురెదురుగా వెలువడును. సమపాళ్ళలో కలిపినచో ఒకదానినొకటి కొట్టివేసికొనును. బాలిక తల్లిగారు టమోటా మండీలో లెక్కలు వ్రాయుదురు. సున్నల సంగతి విని, “మా మండీలో ఐతే ఈ తప్పుకు ఉద్యోగమే పోయేది సార్” అని నవ్విరి.

ఇక చిక్కబళ్ళాపురపు పెట్టె. దీనిని గూర్చి తలిదండ్రులు కొంచెము నిదానముగా చదువ ప్రార్థించుచున్నాము. ఏలయన ఇచట రొద ఆగుటయే ప్రమాదమైనది.

ఆ పెట్టెనుండి రెండు తీగెలు పోవుచుండెను. ఒకటి వేదికపై నున్న గిటారు యాంప్లిఫయరుకు, మరొకటి సభామందిరపు వెనుకనున్న మైకుసెట్టుకు. ఈ రెండు యంత్రములకును మూడు కాళ్ళ ప్లగ్గులే. ఐతే ఒకటి వేదికప్రక్కనున్న బోర్డునందు, మరొకటి వెనుక గోడనున్న బోర్డునందు తగిలింపబడినవి. ఆ రెండు బోర్డుల ఎర్తుల నడుమ స్వల్పమైన వోల్టేజి తేడా యుండెను. పెట్టెద్వారా రెండు యంత్రములు కలియగానే, ఎర్తునుండి ఎర్తునకు ఒక పెద్ద చుట్టు ఏర్పడి, తీగెల పై కవచములో 50 ఆవృత్తుల కరెంటు ప్రవహించి, గుయ్యి పుట్టినది. పెట్టెలో దోషమేమియు లేదు.

మైకుసెట్టుతో వచ్చిన పనివాడు ఒకడు, చూచి చూచి, గిటారు యాంప్లిఫయరు ప్లగ్గునుండి లావుగా నుండు ఎర్తు కాలును విరిచి మరల గుచ్చెను. గుయ్యి ఆగిపోయినది. అందరు సంతోషించిరి. మేమును సంతోషించితిమి; వ్రాయుటకు సిగ్గగుచున్నను అది నిజము. మరునాటి ఉదయము మైకుసెట్టుకు పోవు తీగె అక్కరలేదని ఎవరో ఊడదీసిరి. ఒక బాలిక గిటారు తీగెలపై చేయి యుంచి, పాడుటకై మైకు దగ్గరకు వంగెను. పెదవి మైకుకు తగిలినంతనే చిమచిమలాడి, కెవ్వుమని వెనుకకు తూలెను.

జరిగినదేమి? ముందురోజు ఆ తీగె కవచముద్వారానే యాంప్లిఫయరుకు దొంగదారిన ఎర్తు అందుచుండెను. తీగె ఊడదీయగానే ఆ దారియు పోయినది. యాంప్లిఫయరు లోహపు శరీరము, దానినుండి గిటారు తీగెలు, ఎర్తు లేక గాలిలో వ్రేలాడినవి. లోపలి ట్రాన్స్‌ఫార్మరునుండి జారు కొద్దిపాటి కరెంటు బాలిక చేతినుండి పెదవికి పోయినది. ఆనాడు జారినది కొద్దిపాటిదే గనుక చిమచిమతో పోయినది. అదే సమయమున లోపల ఒక తీగె ఒరసి 230 వోల్టులు శరీరమునకు తగిలియున్నచో? ఎర్తు కాలు ఉన్నయెడల ఫ్యూజు పోయి యంత్రము ఆగియుండెడిది. అది లేనపుడు ఆ 230 వోల్టులు బాలిక దేహమునే దారిగా చేసికొనును.

కావున గుయ్యిని ఆపుటకై ఎర్తు కాలును విరుచుట, ఎర్తు తీగెను కత్తిరించుట, మూడు కాళ్ళ ప్లగ్గునకు రెండు కాళ్ళ తొడుగు వేయుట ఏ పరిస్థితియందును చేయరాదు. మన ఊళ్ళ జాతరలలో, పెండ్లి పందిళ్ళలో, నాటకపు వేదికలపై ఈ పని జరుగుచుండుట మేము చూచితిమి. తలిదండ్రులు చూచినయెడల సంకోచింపక ఆపించవలెను. గుయ్యికి సరియైన చికిత్సలు వేరే కలవు. రెండు యంత్రములను ఎర్తు సరిగా నున్న ఒకే బోర్డునుండి నడుపుట మొదటిది. మేము చేసినది అదియే, గుయ్యి చాలవరకు తగ్గినది. అది చాలనిచో, ధ్వని తీగె కవచమును ఒక కొననుమాత్రము విడిపించుట, లేక ధ్వనిని మాత్రము పోనిచ్చు చిన్న ట్రాన్స్‌ఫార్మరును నడుమ ఉంచుట. కత్తిరించదగినది ధ్వని తీగె కవచము, కరెంటు ఎర్తు కాదు. మందిరపు బోర్డునకు 30 మిల్లీ ఆంపియర్లకే విడిపోవు ఎర్తు లీకేజి బ్రేకరును ఆ మాసముననే పెట్టించితిమి.

చిటపటల సంగతి క్లుప్తముగా చెప్పి ముందుకు పోవుదుము. పెట్టెను కదపినపుడు చిటపటలాడినచో సోల్డరు సరిగా కరుగని అతుకు ఒకటి ఉండును. పెట్టెను బ్యాటరీతో నడపుచు, పెన్సిలు వెనుక భాగముతో ఒక్కొక్క అతుకును మెల్లగా తట్టవలెను. ఎక్కడ చిటపట పలుకునో అక్కడ మరల వేడి చూపవలెను. మీట త్రిప్పునపుడే చిటపటలాడినచో మీటలో దుమ్ము. సెల్‌ఫోనును పెట్టెపై నుంచిన టకటక ధ్వని వినబడినచో ఫోనును దూరముగా పెట్టుటయే మందు.

బుసధ్వని మాత్రము వేరు జాతి. మట్టి జారుట ఆ వరుస స్వభావము గనుక దీనిని పూర్తిగా మాన్పుట అసాధ్యము, తగ్గించుట సాధ్యము. నేరు ధ్వనినిమాత్రము విని, పిదప ప్రతిధ్వనిని కలుపు మీటను త్రిప్పి చూడవలెను. మీటతోపాటు బుస పెరిగినచో అది వరుసనుండి వచ్చునదే. తట్టలు సగము ఖాళీగా పంపుట మొదటి తప్పు. జారు మట్టి ఎప్పుడును అంతే. తట్ట నిండుగా నున్నచో జారినది లెక్కకు రాదు. కావున ధ్వనిని ఐ.సి.కి ముందు తగినంత పెంచి, తరువాత తగ్గించవలెను. మరీ పెంచినచో తట్ట పొర్లి స్వరము చీలును. దీనికే 570, 571 అను సంఖ్యలుగల మరియొక ఐ.సి.ని వాడుదురు. అందు సగము, వరుసకు ముందు, మెల్లని ధ్వనిని హెచ్చించి పెద్ద ధ్వనిని అణచును. రెండవ సగము, వరుస తరువాత, దానికి సరిగా వ్యతిరేకముగా చేయును. పాట ఆగిన నిమిషమున రెండవ సగము తలుపు మూసినట్లగుటచేత బుస కూడ వెనుకబడును.

అంగడిలో కొనువారికి ఒక హెచ్చరిక. ఎం.ఎన్. జాతి ఐ.సి.లను జపాను దేశపు మత్సుషిటావారు చేయుట మానిరి. వాని ప్రతిరూపములను ఇప్పుడు ఇతరులు చేయుచున్నారు, అవి మంచివే. ఐతే పాతవానిపేర పేరు చెరిపి వ్రాసిన నకిలీలును బజారున కలవు. ఇక బెంగళూరు ఎస్.పి. రోడ్డునందు చవుకగా దొరకు ఎకో బోర్డులలో తరచుగా పి.టి. 2399 ఉండును. అది ధ్వనిని అంకెలుగా మార్చి దాచునదేగాని తట్టల వరుస కాదు. చెడ్డదని మా భావము కాదు. కాని ఆలస్యము పెంచిన కొలది దానియందును రొద పెరుగును. ఏది కొనుచున్నామో తెలిసి కొనవలెను.

రొదలోనుండి కావలసినదానిని వేరుపరచుట గిటారు వాయించు పిల్లల గొడవ మాత్రమే యనుకొనరాదు. మన జిల్లాయందే గౌరీబిదనూరున 1960 దశకమున భాభా అణు పరిశోధనా కేంద్రమువారు భూకంపములను గుర్తించు యంత్రముల వరుసను నెలకొల్పిరి. ఎక్కడనో వేలమైళ్ళ దూరమున భూమి అదరినను, భూగర్భమున అణువిస్ఫోటము జరిగినను, ఆ కంపము ఒక్కొక్క యంత్రమునకు కొంచెము ముందు వెనుకలుగా చేరును. ప్రతి యంత్రపు కంపమును తగినంత ఆలస్యము చేసి, అన్నిటిని సరిపోల్చి కూడుదురు. పదునారు యంత్రములున్నవనుకొందము. దూరపు కంపము అన్నిటియందును ఒకే లయలో నుండుటచేత పదునారు రెట్లగును. గాలికి ఊగు చెట్టు, బాటన పోవు బండి పుట్టించు రొదకు లయ లేదు గనుక అది నాలుగు రెట్లకు మించదు. ఆ ఊరిదాపుననే 1976 మొదలుకొని రామన్ పరిశోధన సంస్థ, భారత ఖగోళ భౌతిక సంస్థ కలిసి వేయి ఏరియలులతో ఆకాశపు రేడియో ధ్వనులను 34.5 మెగాహెర్ట్సులయొద్ద వినిరి. పట్టణముల రొదకు దూరమైన తావు కావలసి మన సీమకు వచ్చిరి. ఆలస్యము చేసి కలుపుట అను ఉపాయము అచటను, మా పిల్లవాని పెట్టెలోను ఒక్కటే.

ఇప్పుడు బాగేపల్లి బాలుని పెట్టె. ఉత్సవపు సాయంకాలము గరగరలాడి పాటను ఆపినది ఇదియే.

ఈ బాలుని తండ్రిగారు బాగేపల్లిలో దర్జీ. పెట్టె సామానునకు ఆయన రెండు నెలలు కొంచెము కొంచెముగా డబ్బు ఇచ్చిరి. ఉత్సవము ముగిసిన మరునాడు కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, “ఇంట్లో సద్దే లేదంటాడు సార్. ఈడికొస్తే ఊరంతా వినపడేట్ల అరిచింది. అబద్ధం ఎందుకు చెప్పాల సార్ వీడు?” అనిరి. బాలుడు “లేదు నాయనా, నిజంగానే ఇంట్లో రాలేదు” అని మాత్రము అనెను.

మేమును బాలుని మాట నమ్మలేదు. అతుకులు చెడియుండునని తలచి, అన్నిటిని మరల కరిగించి అతుకుమని ఆజ్ఞాపించితిమి. బాలుడు మా ఎదుటనే కూర్చుండి రెండు గంటలు ఆ పని చేసెను. వేడి ఎక్కువై ఎం.ఎన్. 3205 చెడిపోయెను. గరగర లేదు, ప్రతిధ్వనియు లేదు. దాని వెల తండ్రిగారి ఒకదినపు సంపాదనకు తక్కువ కాదు. క్రొత్తదానిని మేము తెప్పించి యిచ్చితిమి గాని, ఆనాడు బాలుని ముఖము చూచుట మాకు కష్టమైనది.

క్రొత్త ఐ.సి. పెట్టిన పిదప పెట్టె పాఠశాలలో పగటివేళ నిశ్శబ్దముగా నుండెను. బాలుని ఇంటికి పోయి చూచితిమి, అచటను నిశ్శబ్దమే. అప్పుడుగాని మేము మొదటనే అడుగవలసిన ప్రశ్నను అడుగలేదు: ఉత్సవపు సాయంకాలము నీవు వాయించునపుడు ఏమి మారినది? బాలుడు కొంతసేపు ఆలోచించి, “ఫ్యాన్లు ఒకసారి నిదానించి మళ్ళీ తిరిగినాయి సార్” అనెను.

మాకు గుర్తువచ్చినది. ఆనాడు ఏడు గంటల ప్రాంతమున కరెంటు పోయి, మందిరము ఇన్వర్టరుమీదికి మారినది. దీపములు ఆరలేదు గనుక సభలో ఎవరును గమనింపలేదు. మరునాడు మందిరమున మెయిను స్విచ్చి ఆపి, ఇన్వర్టరుమీద పెట్టెను నడపితిమి. గరగర వెంటనే ప్రత్యక్షమైనది. అడాప్టరును ఊడదీసి 9 వోల్టుల బ్యాటరీ తగిలించితిమి. పూర్తిగా మాయమైనది. అడాప్టరు పెట్టితిమి, వచ్చినది. బ్యాటరీ పెట్టితిమి, పోయినది. తండ్రిగారిని పిలిపించి వారిచేతనే నాలుగు మారులు మార్పించితిమి.

కారణము ఇది. కరెంటు సంస్థనుండి వచ్చు విద్యుత్తు నున్నగా ఎక్కుచు దిగుచు అలవలె నుండును. చవుక ఇన్వర్టరులు ఇచ్చునది మెట్లవలె నిట్టనిలువుగా ఎక్కి దిగును. ఆ పదునైన అంచులలో 50 ఆవృత్తులు మాత్రమేకాక వాని మూడు రెట్లు, ఐదు రెట్లు, ఏడు రెట్లు, ఇట్లు వేలవరకు ధ్వనులు దాగియుండును. గుయ్యి గరగరయగుట అందుచేతనే. బాలుని అడాప్టరు చిన్నది, చవుకది. అది వీనిని ఆపలేక పెట్టెలోనికి వదలినది. ఇంటిలో ఇన్వర్టరు లేదు గనుక ఇంటిలో రొద లేదు. బాలుడు చెప్పినది అక్షరాల నిజము.

దీనికి మందు పెద్దది కాదు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు జాతి అడాప్టరును తెచ్చి, పెట్టెలోపల 1,000 మైక్రోఫారడుల కండెన్సరు, 7809 అను రెగ్యులేటరు, దాని వెన్నంటి ఒక 104 కండెన్సరు పెట్టించితిమి. ఇన్వర్టరుమీద గరగర పదింట తొమ్మిది పాళ్ళు తగ్గినది. మిగిలిన పాలు గిటారు చుట్టలే గాలినుండి గ్రహించుచున్నవి. గిటారును ఇన్వర్టరునుండి దూరముగా, కొంచెము ప్రక్కకు త్రిప్పి పట్టినచో అదియు తగ్గును.

ఇంటిలో ఇట్టి పెట్టెగాని, మైకుగాని, రేడియోగాని రొద చేసినయెడల తలిదండ్రులు సోల్డరింగు కడ్డీని తీయుటకు ముందు పిల్లలను అడుగవలసినవి కొన్ని కలవు. రొద ఎప్పుడు మొదలైనది? అన్నిచోట్ల వచ్చుచున్నదా, ఒకేచోటనా? బ్యాటరీతో నడపిన ఉన్నదా? గిటారు తీగెను ఊడదీసిన ఉన్నదా? ఏ మీటతో పెరుగుచున్నది, శ్రుతి మారుచున్నదా? బోరుమోటారో, పట్టు తీయు యంత్రపు మోటారో తిరుగునపుడే వచ్చుచున్నదా? శిడ్లఘట్ట ప్రాంతపు తలిదండ్రులు ఈ చివరి ప్రశ్నను మరువరాదు. ఈ ప్రశ్నలకు ఖర్చు లేదు. జవాబులను తేదీతో ఒక పుస్తకమున వ్రాయించినచో రెండు మూడు దినములలో కారణము తనంతట బయటపడును. పిల్లవాడు “ఇంట్లో రాలేదు” అన్నచో, ఆ మాటయే అన్నిటికంటె విలువైన ఆధారము కావచ్చును.

తయారైన పెడలును కొనుట మేలుగదా యను ప్రశ్నకు తిరిగి వత్తుము. కొనదలచినవారు కొనవచ్చును. కాని ఆ రాత్రి మందిరమున, ఆ అడాప్టరుమీదనే నడపియున్నచో, కొన్న పెడలును గరగరలాడియుండెడిదే. అప్పుడు దానిని విప్పి చూచుటకు ఎవరికిని ధైర్యము ఉండెడిది కాదు.

బాగేపల్లి పెట్టెలో ఇప్పటికిని కొంచెము బుస మిగిలియున్నది. ప్రక్క గదిలో ఎవరో చాటతో బియ్యము చెరుగుచున్నట్లు వినబడును. అది పోదని బాలునకు తెలియును. ఈ సంవత్సరపు ఉత్సవమునకు ఆ పెట్టెను మరల తెచ్చుచున్నాడు. దాని అడుగున ఒక కాగితము అంటించియున్నది. ‘ఇన్వర్టరుమీద ఉన్నప్పుడు బ్యాటరీ వేయవలెను’ అని అందు వ్రాసియున్నది. ఆ దస్తూరి తండ్రిగారిది.